బాబాయిగారి నాలుకా, జింకు బిళ్ళలూ

ఉప్పు విషయంలో మా బాబాయిగారి తీర్పుపై అప్పీలు లేదు. కూర నోట పెట్టుకున్న మరుక్షణమే ఆయన "ఇందులో ఉప్పేదీ?" అని నిలదీయడం, పిన్ని మారుమాట లేకుండా ఉప్పుడబ్బా ముందుకు జరపడం, అదే కూర తిన్న మిగతావాళ్ళం గ్లాసుల కొద్దీ నీళ్ళు తాగడం కొంతకాలంగా నడుస్తున్న వ్యవహారం. రక్తపోటుకు మాత్ర మింగి, ఆ వెంటనే అన్నంపై ఉప్పు చల్లుకునే మనిషిని గురించి ఆ మాత్ర ఏమనుకునేదో!

జింకు లోపిస్తే నాలుకకు రుచి తెలియదని ఆయన ఎక్కడో చదివారు. చదివినదాంట్లో అబద్ధమేమీ లేదు. రుచిమొగ్గల్లోని కణాలు సుమారు 10 రోజులకోసారి రాలిపోయి కొత్తవి పుడుతుంటాయి. ఆ పుట్టుకకూ, లాలాజలంలోని గస్టిన్ అనే ఎంజైము పనిచేయడానికీ జింకు కావాలి. 1960ల తొలినాళ్ళలో డాక్టర్ ఆనంద ప్రసాద్ ఇరాన్, ఈజిప్టుల్లో ఎదుగుదల ఆగిపోయిన యువకులను పరీక్షించి చెప్పేదాకా, మనుషులకు జింకు కొరత వస్తుందన్న సంగతిని వైద్యలోకం పెద్దగా పట్టించుకోలేదు. తన ఎదుగుదల, కనీసం అడ్డంగానైనా, ఆగలేదని నడికట్టు సాక్ష్యం చెబుతున్నా లెక్కచేయక, బాబాయిగారు చప్పరించే జింకు బిళ్ళలు ఒక డబ్బా తెచ్చుకున్నారు.

మగవారికి రోజుకు 11 మిల్లీగ్రాముల జింకు చాలు. పెద్దవాళ్ళెవరికైనా 40 దాటకూడదు. ఎక్కువ మోతాదు చాలాకాలం సాగితే ఒంట్లో రాగి తగ్గిపోతుంది. ఇవన్నీ డబ్బాపై చీమతలకాయంత అక్షరాల్లో ఉంటాయి కాబోలు. అద్దాలు వెతుక్కునే ఓపిక లేని బాబాయిగారు పరగడుపున ఒకటి, గుర్తొచ్చినప్పుడల్లా మరొకటి చప్పరించి, కడుపులో వికారం పుడితే మందు పనిచేస్తోందని సంతోషించారు. ఒక ఉదయం బిళ్ళ కరిగీ కరగకముందే కాఫీ అందుకుని, ఒక గుక్క తాగి, కప్పును బల్లపై ఠక్కున పెట్టి, "ఉప్పు అయింది, ఇప్పుడు చక్కెర కూడా మానేశావా?" అన్నారు. పిన్ని రుచి చూస్తే కాఫీ పాకంలా ఉంది. నాలుకపై జింకు ఉన్నంతసేపూ అది తీపిని అణచివేస్తుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. అంతవరకూ ఉప్పుకే పరిమితమైన ఫిర్యాదు చక్కెరకు పాకింది. నోట్లో ఇనుపముక్క పెట్టుకున్నట్టుందన్నది అదనం.

చివరికి డాక్టరుగారు జింకు ఊసెత్తకుండా, రోజూ వాడే మందులన్నీ బల్లపై పెట్టించి, అందులోంచి రక్తపోటుకు వాడే కాప్టోప్రిల్ అట్టను పక్కకు లాగారు. రుచిని చెడగొట్టడంలో దానికి పాత పేరుందట. "మరి జింకో?" అని బాబాయిగారు పట్టు వదల్లేదు. లోపం ఉన్నవారికి జింకు మేలు చేస్తుందనీ, రుచి పోయిన ప్రతివారికీ అదే మందని తేలలేదనీ, 1976లో వెలువడిన ఒక పరిశోధనలో జింకు ఉత్తుత్తి మాత్రలకన్నా మెరుగేమీ కాలేదనీ ఆయన ఓపికగా వివరించి, రక్తపోటు మాత్ర మార్చి రాశారు.

కొన్ని వారాలకు రుచి తిరిగొచ్చింది. మిగిలిన బిళ్ళలు జలుబుకైనా పనికొస్తాయని బాబాయిగారు దాచబోతే, పిన్ని ఆ డబ్బాను లాక్కుని, ఇంటి పత్రాలుండే బీరువాలో పెట్టి తాళం వేసింది.