లారీ లెక్క హాష్‌లోనా, ఆబ్జెక్టులోనా?

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు. కాంటా దగ్గర పెర్ల్ భాషలో రాసిన ప్రోగ్రామ్‌ను వడ్ల సీజన్‌కు ముందే తిరగరాయాలి. లారీ నంబరు, లోడు బరువు, ఖాళీ బరువు, తేమ శాతం: వీటిని హాష్‌లో (ప్రతి విలువకూ కీ అనే ఒక పేరుండే పట్టిక) పెట్టాలా, ఆబ్జెక్టులో (డేటా, దాన్ని వాడే మెథడ్లు అనే ఫంక్షన్లు కలిసి ఉండేది) పెట్టాలా అన్నదే పంచాయితీ.

యాదగిరి: ఉన్నవే నాలుగు ముక్కలు, హాష్ చాలు. ఆబ్జెక్టంటే మెథడ్లు ఉండే ప్యాకేజీ, ఆబ్జెక్టును తయారుచేసే కన్‌స్ట్రక్టర్, దాన్ని ప్యాకేజీకి కట్టే బ్లెస్... ఎందుకమ్మా ఇంత తంతు?

శ్రీలత: తేమ అనే కీని ఎవరైనా తప్పు స్పెల్లింగుతో చదివితే అన్‌డెఫ్, అంటే విలువే లేదని వస్తుందన్నా. పోల్చేటప్పుడు పెర్ల్ దాన్ని సున్నా అనుకుంటుంది. పచ్చి వడ్లు కూడా 17 శాతం లోపే అని పాసైపోతాయి. తప్పులు పట్టే స్ట్రిక్ట్ అనే సెట్టింగు వేరియబుల్ పేర్లను చూస్తుంది గానీ కీలను పట్టించుకోదు. అదే మెథడ్ పేరు తప్పితే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది.

యాదగిరి: వార్నింగ్స్ పెడితే మొత్తుకుంటుంది గదా. అదీ చాలదంటే హాష్ యుటిల్ అనే మాడ్యూల్‌లో కీలకు తాళం వేసే లాక్ కీస్ ఉంది, 5.8 వెర్షన్ నుంచి పెర్ల్‌తోనే వస్తుంది. లేని కీని ముట్టగానే ఎర్రర్.

శ్రీలత: ప్రతి లారీకీ మరవకుండా ఆ తాళం వేయాలంటే ఒక ఫంక్షన్ రాస్తావు. నా కన్‌స్ట్రక్టర్ అదే, దానికే నేను న్యూ అని పేరు పెట్టా.

యాదగిరి: పోనీ, ప్యాకేజీ వేరియబుల్స్‌లో పెడదాం.

శ్రీలత: అది ప్రోగ్రామ్ అంతటికీ ఒక్కటే ఉంటుంది! రెండో లారీ కాంటా ఎక్కితే మొదటిదాని బరువు గల్లంతు. అందరికీ ఒకటే అయిన ఆ 17ను అక్కడ పెట్టు, నాకు అభ్యంతరం లేదు.

యాదగిరి: నీ ఆబ్జెక్టు లోపల ఉన్నదీ హాషే. బ్లెస్ చేస్తే ఇది ఫలానా ప్యాకేజీది అని ముద్ర పడుతుంది, అంతే. బాణం గుర్తు (->) వేసి నేరుగా లోపల చెయ్యి పెడితే ఆపేవాడెవడు?

శ్రీలత: ఎవడూ లేడు. 2023లో పెర్ల్ 5.38తో ఆబ్జెక్టులు రాయడానికి క్లాస్, వాటి డేటాకు ఫీల్డ్ అనే కొత్త పదాలు వచ్చాయి. ఆ ఫీల్డులను బయటివాళ్లు అట్లా ముట్టలేరు. ప్రయోగాత్మకం అని చెప్పే ఇచ్చారనుకో.

యాదగిరి: మిల్లు కంప్యూటర్‌లో ఉన్నది 5.16!

శ్రీలత: అందుకే బ్లెస్‌తో సర్దుకుందాం అంటున్నా. నికర బరువును నువ్వు హాష్‌లో ఇంకో కీగా పెడతావు. ఖాళీ లారీని మళ్లీ తూస్తే ఆ అంకె పాతదైపోతుంది. మెథడ్ అయితే అడిగినప్పుడల్లా తీసివేసి చెబుతుంది.

యాదగిరి: మెథడ్ పిలుపు హాష్ కన్నా నెమ్మది. రాత్రి రిపోర్టులో సీజన్ మొత్తం లారీలను కూడాలి.

శ్రీలత: కూడికల స్క్రిప్టులో నేనూ హాషే రాస్తా. ఆబ్జెక్టు కాంటా దగ్గర వరకే.

యాదగిరి: అక్కడ ఖాళీ బరువును లోడు కంటే ఎక్కువ కొడితే?

శ్రీలత: ఆ మెథడ్‌లోనే డై, అంటే ఎర్రర్ చెప్పి ఆగిపోతుంది.

యాదగిరి: అయితే ముందు ఆ మెథడ్ రాసి చూపించు. మిగతాది తర్వాత మాట్లాడుదాం.