ఆ నలభై సెకన్ల క్లిప్పే చిన్న వీట్యూబర్‌కి దారి

వీట్యూబర్ అంటే తన ముఖానికి బదులు కదిలే యానిమేషన్ బొమ్మతో లైవ్ చేసేవాళ్లు. అలాంటి జపాన్ వీట్యూబర్ ఇనుగామి కోరోనే ఒకసారి లైవ్‌లో 'బాంజో-కజూయీ' అనే పాత వీడియో గేమ్ ఆడుతూ, అందులోని మంత్రగాడు పలికే అర్థం లేని మాటల్ని అలాగే అనుకరించింది. 'ఈకుమ్ బొకుమ్'. అంతే, కొన్ని క్షణాల అల్లరి. అభిమానులు ఆ ముక్కను కత్తిరించారు, బొమ్మలు గీశారు, యానిమేషన్లు చేశారు. జపనీస్ అక్షరం ముక్క రానివాళ్లు కూడా ఆ కుక్కచెవుల అమ్మాయి ఎవరా అని వెతుక్కుంటూ వెళ్లారు. ఆమె ఉన్న వీట్యూబర్ల బృందం హోలోలైవ్ 2020 సెప్టెంబరులో ఇంగ్లిష్ విభాగం మొదలుపెట్టేసరికే, అభిమానుల అనువాద క్లిప్పులు విదేశాల్లో ప్రేక్షకుల్ని సిద్ధం చేసి పెట్టాయి.

వెనుక కంపెనీ ఉన్నవాళ్లకే ఇంత మేలు జరిగితే, ఒంటరిగా నెట్టుకొచ్చేవాళ్ల సంగతి చెప్పాలా? లైవ్‌లో పది మంది ఉంటారు. అది ముగిశాక మిగిలేది మూడు గంటల రికార్డింగ్. ముక్కూమొహం తెలియని మనిషి మూడు గంటల వీడియో ఎవరు తెరుస్తారు? వాళ్లే క్లిప్ చేసుకోవచ్చుగా అంటారు. గొంతు అరిగేలా మాట్లాడినవాళ్లకు మళ్లీ ఎడిటింగ్‌కి ఓపిక ఎక్కడిది? అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఎక్కడ నవ్వు పండిందో మాట్లాడినవాళ్లకు తెలియదు, నవ్వినవాడికి తెలుస్తుంది. అందుకే అభిమాని ఎంచిన నలభై సెకన్లను డబ్బిచ్చి పెట్టుకున్న ఎడిటర్ కూడా అంత సులువుగా పట్టుకోలేడు.

బొమ్మలదీ ఇదే కథ. చాలామంది మొదటి రోజే అభిమానుల బొమ్మలకు ఓ హ్యాష్‌ట్యాగ్ ప్రకటిస్తారు. అందులో వచ్చిన బొమ్మను, గీసినవారి పేరుతో, తర్వాతి లైవ్‌కి థంబ్‌నెయిల్‌గా పెడతారు. గీసినవాళ్లు మురిసిపోయి తమవాళ్లకు పంపుతారు. అలా ఇంకో పది మంది వస్తారు.

మాట సందర్భం తప్పించి కత్తిరించే క్లిప్పులు ఉన్నాయి, నిజమే. వాటివల్ల మనుషులు నొచ్చుకున్నారు కూడా. దానికి మందు నిషేధం కాదు, నియమం. హోలోలైవ్ నడిపే కవర్ సంస్థ అభిమానుల సృష్టికి షరతులు రాసిపెట్టి మరీ అనుమతిస్తోంది.

నాకు అసలు బాధ అనువాదకుల గురించి. ప్రేక్షకులే సబ్‌టైటిల్స్ రాసి పంపే సదుపాయాన్ని యూట్యూబ్ 2020 సెప్టెంబరు 28న ఎత్తేసింది. వాడకం తక్కువ, స్పామ్ ఎక్కువ అంది. కానీ ఆ పనిలో ఎంత శ్రమ ఉందో ఒక్కసారి చూడండి. ఒకే వాక్యాన్ని వెనక్కి తిప్పి పదిసార్లు వింటారు. ఇద్దరు మాట్లాడితే ఇద్దరికీ వేర్వేరు రంగుల అక్షరాలు. మాటతో ఆడిన చమత్కారం ఉంటే పైన చిన్న వివరణ. ఇంతా చేస్తే వాళ్ల పేరు ఎవరికీ గుర్తుండదు. మన దగ్గర అనువాద పుస్తకాల మీద అనువాదకుడి పేరు ఎంత చిన్న అక్షరాల్లో ఉంటుందో చూస్తే ఈ జబ్బు ఇంటర్నెట్‌తో పుట్టింది కాదని అర్థమవుతుంది.

తెలుగులో వీట్యూబర్‌గా మొదలుపెట్టేవాళ్లు ఛానెల్ వివరాల్లో ఈ మూడు మాటలు రాసుకోవాలి: క్లిప్పులు నిరభ్యంతరంగా చేసుకోండి, అసలు వీడియో లింకు ఇవ్వండి, అనువదిస్తే మీ పేరు చెప్పండి, లైవ్‌లో చదువుతాను.