మూసిన బోర్డరు, తెరిచిన ఎయిర్‌పోర్టు

వలసల మాట వార్తల్లోకి వచ్చినప్పుడల్లా ఒక మెసేజ్ తిరుగుతుంది. దాని సారాంశం: "కరోనా రాగానే అమెరికా మెక్సికో బోర్డర్ని అందరికీ మూసేసింది. అది డాక్టర్లు తీసుకున్న నిర్ణయం. అయినా శరణు పేరు చెప్పి లక్షల మంది దొడ్డిదారిన దూరబోయారు. మనలాగా లైన్లో నిలబడి రావచ్చు కదా! ఆ రూల్ ఉన్నన్నాళ్ళూ బోర్డర్ అదుపులో ఉంది, ఎత్తేశాక చెయ్యి దాటిపోయింది."

డల్లాస్‌లో ఉండే మా బాబాయి కొడుకు పంపాడు. మర్నాడే గుంటూరు నుంచి మా లెక్కల మాస్టారు పంపారు. ఇందులో నిజం అసలు లేకపోతే నవ్వి ఊరుకునేవాణ్ణి. అక్కడక్కడా ఉంది కాబట్టే ఒక్కో ముక్కా విడదీసి చూడాలి.

"అందరికీ మూసేసింది" అన్నది మొదటి మాట. 2020 మార్చి 21 నుంచి ఆ బోర్డర్‌లో ఆపింది "అత్యవసరం కాని" ప్రయాణాలని. అమెరికా పౌరులు దాటారు, గ్రీన్ కార్డు వాళ్ళు దాటారు, లారీ డ్రైవర్లు దాటారు, అవతల ఇల్లూ ఇవతల చదువూ ఉన్న విద్యార్థులు కూడా దాటారు. విమానాలైతే ఆగనే లేదు. వీసా ఉన్న మెక్సికన్ సరదాగా షాపింగ్‌కని వంతెన మీద నడిచి రాకూడదు గానీ, టికెట్ కొనుక్కుని విమానంలో దిగవచ్చు.

శరణు కోరేవాళ్ళకి మాత్రం వేరే రూలు పెట్టారు. దాని పేరు టైటిల్ 42. 1944 నాటి ప్రజారోగ్య చట్టంలోని ఒక సెక్షన్ని బయటికి తీసి, వచ్చినవాళ్ళని విచారణ లేకుండా వెనక్కి పంపే అధికారం ఇచ్చుకున్నారు. జడ్జి లేడు, అప్పీలు లేదు. వాళ్ళకి వైరస్ ఉందా లేదా అన్న ప్రశ్న కూడా లేదు, టెస్టుతో పనే లేదు.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పుకోవాలి. 2021 మే 4 నుంచి, అంతకుముందు 14 రోజుల్లో ఇండియాలో ఉన్నవాళ్ళని, తన పౌరులూ గ్రీన్ కార్డు వాళ్ళూ లాంటివాళ్ళని మినహాయించి, రాకూడదని అమెరికా ఆపేసింది. సెకండ్ వేవ్ రోజులవి. అమ్మానాన్నల్ని చూసుకోవడానికి వచ్చి ఇక్కడ ఇరుక్కుపోయినవాళ్ళ టెన్షన్ మనందరికీ తెలుసు. చివరికి ఏం చేశారు? చాలామంది మెక్సికో వెళ్ళారు. హోటల్లో 14 రోజులు గడిపి, టెస్ట్ చేయించుకుని, ఫ్లైట్ ఎక్కి అమెరికాలో దిగారు. అందులో తప్పేమీ లేదు, రూల్ ఒప్పుకున్న దారే అది. కానీ అదే మెక్సికో నుంచి, అదే వారంలో, హొండురాస్ తల్లి ఒకామె పిల్లని చంకనేసుకుని బోర్డర్ దగ్గరికొస్తే "కరోనా" అని తిప్పి పంపవచ్చు. డెల్టా రకం మొదట కనబడింది మన దేశంలో, హొండురాస్‌లో కాదు.

మాస్టారూ, లెక్క మీరే చూడండి.

"డాక్టర్లు తీసుకున్న నిర్ణయం." సంతకం అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీకి డైరెక్టర్‌గా ఉన్న రాబర్ట్ రెడ్‌ఫీల్డ్‌దే, కాదనను. అయితే ఆ సంస్థలో క్వారంటైన్ విభాగానికి పెద్దగా ఉన్న డాక్టర్ మార్టిన్ సెట్రాన్ తర్వాత ప్రతినిధుల సభ కమిటీ ముందు వేరే కథ చెప్పారు. ఆ ఆర్డర్ బయటినుంచి తయారై తమ చేతికొచ్చిందనీ, తాను అందులో పాలుపంచుకోనన్నాననీ. అక్కడే రెండో స్థాయిలో ఉన్న డాక్టర్ యాన్ షూకట్ కూడా అప్పటి ఆధారాలు దాన్ని సమర్థించలేదనే చెప్పారు. 2020 మార్చిలో భయం నిజమే. ఏ దేశానికీ దిక్కు తోచని రోజులవి, ఆ మొదటి వారాల తొందరపాటుని నేనూ క్షమించగలను. కానీ మూడేళ్ళ పైచిలుకు?

ఆ మూడేళ్ళలో ఏం జరిగిందో చూస్తే వైరస్ వంక ఎక్కడ చిరిగిందో తెలుస్తుంది. 2022 మార్చిలో యుద్ధం నుంచి పారిపోయిన ఉక్రెయిన్ వాళ్ళు మెక్సికో బోర్డర్ ఊరు తిహువానా చేరితే టైటిల్ 42 నుంచి మినహాయింపు ఇచ్చి వేలమందిని లోపలికి రానిచ్చారు. మంచి పనే. అదే గేటు దగ్గర నెలల తరబడి ఎదురుచూస్తున్న హైతీ, హొండురాస్ వాళ్ళు పక్కనే నిలబడి చూశారు. 2022 ఏప్రిల్ 1న సీడీసీయే ఈ ఆర్డర్ ఇక అక్కర్లేదంది. కొన్ని రాష్ట్రాలు కోర్టుకెళ్ళి ఆపించాయి. మరి ఇది డాక్టర్ల నిర్ణయమైతే, డాక్టర్లు వద్దన్నాక ఎవరి నిర్ణయం? జూన్ 12న విమాన ప్రయాణికులకి కరోనా టెస్టు కూడా తీసేశారు. టైటిల్ 42 పోయింది 2023 మే 11న, అంటే ఆ తర్వాత ఇంకో 11 నెలలకి. సుప్రీంకోర్టులో ట్రంప్ నియమించిన జస్టిస్ గోర్సచ్ అంతటివాడు, ఇప్పుడు బోర్డర్‌లో ఉన్నది కోవిడ్ సంక్షోభం కాదని 2022 డిసెంబర్‌లో తన అసమ్మతి తీర్పులో రాశాడు.

"దొడ్డిదారిన." అమెరికా చట్టం ప్రకారం ఆ దేశపు నేల మీద కాలు పెట్టినవాళ్ళెవరైనా, అధికారిక గేటులోంచి వచ్చినా రాకపోయినా, శరణు అడగవచ్చు. పైగా ఆ రోజుల్లో గేటు దగ్గరికి పద్ధతిగా వెళ్ళినవాళ్ళనీ తిప్పి పంపారు. ముందు తలుపుకి తాళమేసి, పెరట్లోంచి ఎందుకొచ్చావంటే ఏం చెప్పాలి?

"లైన్లో నిలబడి రావచ్చు కదా." మనవాళ్ళని బాగా తాకేది ఇదే. హెచ్-1బీ లాటరీ, స్టాంపింగ్, గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి, ఆ క్యూలో మన వంతుని తేల్చే ప్రయారిటీ డేట్ కదలక పిల్లలకి 21 నిండిపోతాయన్న బెంగ. ఆ కడుపుమంటని తక్కువ చేయను. కానీ శరణుకి, అంటే అసైలంకి, లైను లేదు. హొండురాస్ రాజధాని టెగుసిగల్పాలోని అమెరికా ఎంబసీకి వెళ్ళి ఫారం నింపితే వచ్చేది కాదది. అమెరికా గడప దాకా వస్తేనే అడగడానికి వీలు. శరణార్థుల్ని విదేశాల్లోనే ఎంపిక చేసి తీసుకొచ్చే పథకం వేరే ఉంది. లైను అనదగ్గది అదొక్కటే, కరోనాలో దాన్ని కూడా కొన్నాళ్ళు ఆపేశారు. 2020 ఆర్థిక సంవత్సరంలో దాని ద్వారా వచ్చినవాళ్ళు 12 వేలకి లోపే. ఇంకో ముక్క: శరణు దొరికినవాళ్ళ గ్రీన్ కార్డులు ఉద్యోగాల కోటాలోంచి పోవు. వాళ్ళందర్నీ వెనక్కి పంపినా మా తమ్ముడి ప్రయారిటీ డేట్ ఒక్క రోజు ముందుకి జరగదు.

"అదుపులో ఉంది" అన్నదానికి రెండు అంకెలు చాలు. టైటిల్ 42 కింద వెనక్కి పంపింది 28 లక్షల సార్లకు పైనే. సార్లు అంటున్నాను, మనుషులు కాదు. కేసు లేదు, శిక్ష లేదు, అవతలికి నెట్టేస్తే మళ్ళీ వచ్చేవాళ్ళు. మళ్ళీ మళ్ళీ పట్టుబడేవాళ్ళు 2019లో 7 శాతం, 2021లో 27. రూల్ ఎత్తేశాక 2023 జూన్‌లో బోర్డర్‌లో పట్టుబడేవాళ్ళ సంఖ్య తగ్గింది, డిసెంబర్‌కి విపరీతంగా పెరిగింది. ఆ పెరుగుదల దాచను. కానీ మెసేజ్‌లో జూన్ ఎందుకు లేదు?

వేరే దారేముంది అంటారేమో. 2020 మే చివర్లో కాంగోలోని ఇటూరిలో ఊచకోతలకి భయపడి పారిపోయిన జనం ఉగాండా బోర్డర్ దగ్గర వారాల తరబడి ఇరుక్కున్నారు. ఉగాండా కూడా కరోనాకి బోర్డర్లు మూసిన దేశమే, అమెరికాతో పోలిస్తే చేతిలో ఏమున్నట్టు? జులై 1 నుంచి 3 దాకా జోంబో జిల్లాలో రెండు చోట్ల దారి తెరిచారు. 3 వేల మందికి పైగా లోపలికొచ్చారు. అందరినీ క్వారంటైన్‌కి తీసుకెళ్ళారు. మూడు రోజులయ్యాక ఆ దారులు మళ్ళీ మూసేశారు.