ఉచితం కాదండీ, స్వేచ్ఛ

ఉత్తరాలూ లెక్కల పట్టికలూ తయారుచేసుకునే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్‌ను పరిచయం చేద్దామని మేము ముగ్గురం బ్యానరు, స్టాండు, రెండు ల్యాప్‌టాప్‌లు, స్టిక్కర్ల సంచీ మోసుకుని, అమలాపురంలో బస్సెక్కి చించినాడ వంతెన దాటి భీమవరంలో ఒక సదస్సుకు వెళితే, మాకు దక్కింది చేతులు కడుక్కునే కుళాయిల పక్కన ఒక కుంటి బల్ల. ప్లగ్గు అడిగితే జనరేటరు అతన్ని అడగమన్నారు. వైఫై అడిగితే నవ్వారు. 300 ఎంబీ దాటే లిబ్రెఆఫీస్ ఫైలును ఫోను హాట్‌స్పాట్‌తో ఎంతమందికి ఎక్కించగలం?

బ్యానరు సంగతి మరీ ఘోరం. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరినా మా ఫ్లెక్సీ దుకాణంలో ఇప్పటికీ దానితో పొసగని పాత ఫాంట్లే. మేము పంపిన వాక్యంలో ఒత్తులన్నీ విడిపోయాయని ఆ కుర్రవాడు మళ్ళీ టైపు చేసి, “స్వేచ్ఛా” అన్న మాట కష్టమనిపించింది కాబోలు, “ఉచిత సాఫ్ట్‌వేర్” అని అచ్చువేసి ఇచ్చాడు. ఇంగ్లీషులో రెండు అర్థాలకూ ‘ఫ్రీ’ ఒక్కటే కనుక వారు తికమకపడితే అర్థముంది. రెండు మాటలున్న మనకేమైంది? సాఫ్ట్‌వేర్‌కు మూలమైన రాతను, అంటే సోర్స్ కోడ్‌ను, చదివే, మార్చే, పంచుకునే హక్కు గురించి నోరు తెరవగానే, “అయితే టీషర్టు కూడా ఉచితమేనా అండీ?” అని ప్రశ్న.

ముఖ్య అతిథికి శాలువా, పూతరేకుల పెట్టె, గంటన్నర పొగడ్త. మాకు ఏడు నిమిషాలు. అందులో నాలుగు ప్రొజెక్టరు తీగ వెతకడానికే సరిపోయాయి. స్టిక్కర్లు మాత్రం అరగంటలో అయిపోయాయి. ఒకటి నిర్వాహకుడి ల్యాప్‌టాప్ మీదే కనిపించింది. దొంగ నకలు ఆఫీసు ప్యాకేజీలో ఆయన మా ప్రశంసాపత్రాలు సిద్ధం చేస్తున్నారు, మా పేర్లలోనూ ఒత్తులు ఊడగొట్టి.