వార్త వెనకాలే వచ్చే మోసం

2020 మార్చి 27న ఆర్బీఐ ఒక వెసులుబాటు ప్రకటించింది. ఈఎంఐల వసూలును బ్యాంకులు మూడు నెలలు వాయిదా వేయవచ్చంది. లాక్‌డౌన్‌లో జీతాలు ఆగిపోయినవాళ్లకు పెద్ద ఊరట. పట్టుమని పదిహేను రోజులైనా కాకముందే ఫోన్లు మొదలయ్యాయి. ‘మీ ఈఎంఐ వాయిదా వేస్తున్నాం సార్, ఓటీపీ వస్తుంది, చెప్పండి.’ మారటోరియం (ఈ వాయిదా పేరే అది) అంటే ఏమిటో జనానికి అర్థం కాకముందే మోసగాళ్లకు అర్థమైపోయింది. అదే వారంలో కరోనా విరాళాల కోసం పీఎం కేర్స్ నిధి పెడితే దానికీ నకిలీ యూపీఐ ఐడీ పుట్టింది. అసలుకూ నకిలీకీ తేడా ఒక్క ‘ఎస్’ అక్షరం.

డబ్బు పోగొట్టుకున్నవాణ్ని మనం ఒక్క మాటతో తేల్చేస్తాం: ‘అత్యాశకు పోయాడు’. ఆ మాటతోనే నాకు పేచీ. నెలకు పది శాతం ఇస్తామన్న స్కీములో చేరినవాడి విషయంలో అది నిజమే అనుకుందాం. వచ్చే నెల గడిచేదెలా అని కూర్చున్నవాడికి అత్యాశ ఎక్కడిది? రోజులు బాగోలేనప్పుడు మోసగాడు అమ్మేది లాభం కాదు, ఊరట. 2020 చివర్లో హైదరాబాద్‌ను కుదిపేసిన లోన్ యాప్‌లు అమ్మిందీ ఆ ఊరటనే. కాగితాలు అక్కర్లేదు, నిమిషాల్లో డబ్బు. ఇచ్చేటప్పుడే ప్రాసెసింగ్ ఫీజు పేరుతో బాగా కోసేసుకుని, వారంలో మొత్తం కట్టమనేవారు. ఆలస్యమైతే ఫోన్లోంచి లాగేసిన కాంటాక్టులన్నిటికీ ‘వీడు దొంగ’ అని మెసేజీలు వెళ్లేవి. ఆ అవమానం తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. అప్పు ఇచ్చే యాప్ మన కాంటాక్టులు, ఫొటోల జోలికి పోకూడదని ఆర్బీఐ నిబంధన వచ్చేసరికి 2022 సెప్టెంబరు అయింది.

ఊరట అయినా, భయం అయినా పని చేసే తీరు ఒక్కటే. మనిషిని ఒంటరిని చెయ్యాలి, తొందరపెట్టాలి. పోలీసులమంటూ ఫోన్లోనే అరెస్టు చేశామని బెదిరించే ‘డిజిటల్ అరెస్ట్’లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. మీ పేరున వచ్చిన పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయంటారు. వీడియో కాల్‌లో యూనిఫాం, వెనక గోడకు జెండా, టేబుల్ మీద ఫైళ్లు. కెమెరా ఆపొద్దు, గది తలుపు వేసుకోండి, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు, చెబితే వాళ్లనూ కేసులో కలుపుతాం. అలాంటి అరెస్టు మన చట్టంలోనే లేదని 2024 అక్టోబరు 27న ప్రధాని ‘మన్ కీ బాత్’లో చెప్పారు. అయినా చదువుకున్నవాళ్లు, పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లు పడుతూనే ఉన్నారు. తెలివి లేక కాదు. అధికారి మాట్లాడుతుంటే ఫోన్ పెట్టేయకూడదనే మర్యాద మనకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. దాన్ని కాస్త మర్చిపోవాల్సిన రోజులివి. పెట్టేయండి. నిజంగా కేసుంటే ఇంటికి సమన్లు వస్తాయి.

డబ్బు పోయాక ఇంకో నష్టం మొదలవుతుంది. ‘నలుగురికీ తెలిస్తే నవ్వుతారు’ అని దాచుకుంటాం. ఈలోగా ఆ డబ్బు ఒక ఖాతా నుంచి నాలుగు ఖాతాలకు, అక్కడి నుంచి ఏటీఎంకో క్రిప్టోకో పోతుంది. (ఆ ఖాతాల్లో చాలావరకు కమీషన్‌కు ఆశపడి కుర్రాళ్లు అద్దెకిచ్చినవి. అత్యాశ అనే మాట వాడాలనిపిస్తే ఇక్కడ వాడుకోవచ్చు.) వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తే, ఖర్చు కాకుండా ఏదో ఒక ఖాతాలో మిగిలిన డబ్బునైనా బ్యాంకులు ఆపగలవు. ఆ నంబరుకు చేసే మొదటి గంట ఫోను, మరునాటి ఫోను ఒకటి కావు.

బ్యాంకుకూ వెంటనే చెప్పాలి. 2017 జులైలోనే ఆర్బీఐ ఒక సర్క్యులర్ ఇచ్చింది. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లో చెబితే నష్టం మన మీద పడదు. ఓటీపీ మనమే చెప్పేసినా, ఫిర్యాదు చేసే వరకు పోయిందే మనది. ఆ తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. ఈ సంగతి ఏ బ్యాంకు గోడ మీదా పెద్ద అక్షరాల్లో కనపడదు, ఎందుకో మరి.

బ్యాంకులు తలుచుకుంటే ఏం చెయ్యగలవో 2024 నవంబరులో హైదరాబాద్‌లోని ఒక ఎస్‌బీఐ శాఖలో కనిపించింది. ఒక సీనియర్ సిటిజన్ కంగారుగా వచ్చి 13 లక్షల డిపాజిట్ తీసేసి వేరేచోటికి పంపాలన్నారు. ఆస్తి కొంటున్నానన్నారు. సిబ్బందికి ఎక్కడో తేడా కొట్టింది. కుదరదని మొండికేయలేదు. ‘ఇంట్లోవాళ్లను తీసుకుని రండి’ అన్నారు, రోజుల తరబడి జాప్యం చేశారు. చివరికి ఆయన అసలు సంగతి బయటపెట్టారు: ‘డిజిటల్ అరెస్ట్’ అని ఎవరో బెదిరిస్తున్నారు. 13 లక్షలూ ఖాతాలోనే ఉన్నాయి.