60 రోజుల గడువు సంగతి కూడా రాయాల్సింది

దత్తత మీద మీరు వేసిన వ్యాసంలో, బిడ్డను పెంచలేననుకున్న గర్భిణి ముందుగానే దత్తతకు ఏర్పాట్లు చేసుకోవచ్చని రాశారు. మంచి మాట. కానీ కడుపుతో ఉండగానే పెంచుకునేవాళ్లను ఎంచుకునే అమెరికా పద్ధతి మన దగ్గర కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ద్వారా జరిగే దత్తతలో లేదు. కాన్పయ్యాక జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు అప్పగింత పత్రం మీద సంతకం చేయాలి. పెళ్లికాని తల్లయితే ఆమె సంతకం చాలు. ఆ తర్వాత కూడా మనసు మార్చుకోవడానికి 2015 బాల న్యాయ చట్టం రెండు నెలలు ఇస్తుంది. వ్యాసంలో ఇదే లేదు.

నేను ప్రసూతి వార్డులో నర్సుని. ఇలాంటి అమ్మాయి చేరిందని తెలిస్తే చాలు, "మావాళ్లకు పిల్లల్లేరమ్మా, ఖర్చులన్నీ మేమే చూసుకుంటాం" అంటూ ఎవరో ఒకరు మంచం పక్కకు చేరతారు. ఊళ్లో తెలిస్తే ఎలాగన్న టెన్షన్‌లో వాళ్లమ్మ సరేనని తలూపేస్తుంది. ఆ పిల్లను అడిగేవాళ్లే ఉండరు! డబ్బు చేతులు మారితే అది బిడ్డను అమ్మడమే, జైలుశిక్ష పడుతుంది. కమిటీకి అప్పగిస్తే తల్లి వివరాలు గోప్యంగా ఉంచుతారు. కాన్పుకు ముందే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి కమిటీ ఎక్కడుందో కనుక్కోవచ్చు. దయచేసి ఆ నంబరు వ్యాసంలో చేర్చండి.