స్కేలు పట్టుకున్నవాళ్లతో జాగ్రత్త

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల రిమోట్ విమానాలు కట్టేవాళ్లు ఇంతకాలం సఖ్యంగానే బతికారు. ఈ మధ్య వాళ్లలో కొందరి చేతికి స్కేలు వచ్చింది. ఎలెరాన్‌కు హింజ్ పెట్టాలంటే చెక్క మందానికి సరిగ్గా మధ్యలో గీత గీయాలట, ఆ గీత మీదే బ్లేడు నడవాలట. ఒక కన్ను మూసి, రెండో కంటితో గురి చూసి, "ఆ, ఇక్కడే" అని కోసేసే మా కంటి లెక్క వర్గానికి ఇది బహిరంగ అవమానం. నోరు మూసుకుని కూర్చోలేక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఈ సరదా లేనివాళ్లకు కొంచెం చెప్పాలి. విమానం రెక్క వెనక అంచున పైకీ కిందికీ కదిలే పట్టీని ఎలెరాన్ అంటారు. తోక దగ్గర ఇలాగే కదిలే ఎలివేటర్, రడ్డర్ అనే పట్టీలు ఉంటాయి. చిన్న విమానాల్లో వీటిని పట్టి ఉంచేది అర మిల్లీమీటరు అటూఇటూ మందం, అంగుళం పొడవు ఉండే పలచటి హింజ్ ముక్క. దాంట్లో సగం రెక్కలోకి, సగం ఎలెరాన్‌లోకి దూరుతుంది. అది దూరడానికి రెండువైపులా కోసే సన్నటి చీలికే స్లాట్. వేలకు వేలు పోసి కొన్న మోటారు, బ్యాటరీ, ట్రాన్స్‌మిటర్ అన్నీ చివరికి ఈ చీలికల మీద ఆధారపడతాయని స్కేలు వర్గం ప్రచారం. కవరింగ్ వేశాక బయటికి కనపడని వస్తువుకు ఇంత ప్రాముఖ్యం ఇవ్వడం ఏ రకం న్యాయమో వాళ్లే చెప్పాలి.

వాళ్ల పద్ధతి వినండి. చెక్క అంచు మీద పైవైపు నుంచి కొలిచి ఒక గీత గీస్తారు. చెక్కను తిరగేసి, అదే కొలతతో ఇంకో గీత గీస్తారు. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే అది మధ్య. పడకపోతే ఆ రెండింటి నడుమ ఉన్నది మధ్య. అప్పుడు 11వ నంబరు బ్లేడు తీస్తారు. తీసి కూడా ఒక్కసారిగా దింపరు. గీత వెంబడి పైపైన గాటు పెట్టి, మళ్లీ మళ్లీ అదే గాట్లో నడుపుతూ లోతు చేస్తారు. ఎందుకయ్యా ఈ నాన్చడం అంటే, విమానాలు కట్టే బాల్సా అనే తేలిక చెక్కలో బ్లేడు మన మాట వినదట, చెక్క పోగు ఎటు పోతే అటు పోతుందట. ఒక్క పోటుతో దింపితే, నోటి దగ్గర మధ్యలో ఉన్న స్లాట్ లోపలికి వెళ్లేసరికి పక్కకు తిరిగి, ఒక్కోసారి పై చెక్కలోంచి బయటికొస్తుందట. వస్తే ఏమైంది? లోపల ఏం జరుగుతోందో అందరికీ కనిపిస్తుంది. పారదర్శకత కావాలని ఊరంతా అడుగుతూనే ఉంటుంది కదా.

అసలు మధ్య మీద ఈ మోజు ఎక్కడిది? 2022 ఏప్రిల్‌లో పాత చిత్తూరు జిల్లాను విడదీస్తే తిరుపతి ఒక పక్కకు, చిత్తూరు ఒక పక్కకు వచ్చాయి, మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది. ముక్కలు సమంగా వచ్చాయా అని అప్పుడు ఎవరైనా స్కేలు పెట్టి చూశారా? జిల్లాకు లేని కొలత ఎలెరాన్‌కెందుకు?

చరిత్ర కూడా మా వైపే ఉంది. 1903లో రైట్ సోదరులు ఎగరేసిన విమానానికి ఎలెరాన్లే లేవు. తీగలతో రెక్కనే మెలితిప్పేవారు. రెక్కలో ఒక్క స్లాట్ కోయకుండా గాల్లోకి లేచారు. మొదటిసారి ఎగిరింది 12 సెకన్లు. మా వర్గం విమానాలు కూడా ఇంచుమించు అంతసేపు ఎగురుతున్నాయి కాబట్టి, మేము ఆ మహానుభావుల బాటలోనే ఉన్నామని వినయంగా మనవి చేస్తున్నాను.

చెక్క సంగతి కూడా చూద్దాం. మన శేషాచలం ఎర్రచందనం చేవ నీళ్లలో వేస్తే మునుగుతుంది. దానికి కాపలాగా టాస్క్‌ఫోర్స్ పెట్టుకున్నాం. బాల్సా ఘనపు మీటరుకు సుమారు 160 కిలోలే తూగుతుంది, ఎక్కువగా ఈక్వడార్ నుంచి వస్తుంది. సముద్రాలు దాటి వచ్చిన చుట్టాన్ని కూర్చోబెట్టి కొలతలు తీయడం మన మర్యాద కాదు. ఈ మాట సాక్ష్యంతో నిరూపిద్దామని మాధవమాలలో చెక్క బొమ్మలు చెక్కే ఒకాయన్ని మా వైపు పిలిచాం. ఆయన ఎలెరాన్ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, "గీత యాడ సామీ?" అన్నాడు. "గీత లేదన్నా, అంతా కంటి లెక్కే" అన్నాం. "అట్లయితే ఉలి యాడ పెడతారు?" అని టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆయన పేరు సాక్షుల జాబితాలోంచి తీసేశాం.

ఎలెరాన్‌లో కోసిన స్లాట్ ఒక మిల్లీమీటరు పైకి పోతే ఎలెరాన్ ఆ మేరకు కిందికి దిగి రెక్కతో మెట్టులా కనిపిస్తుంది. మెట్లెక్కడం తిరుపతివాళ్లకు కొత్తా? మూడు హింజ్‌లు ఒకే వరసలో లేకపోతే ఎలెరాన్ బిగుసుకుంటుంది, దాన్ని తిప్పడానికి సర్వో అనే చిన్న మోటారు గుయ్యిమని మూలుగుతూ బ్యాటరీ తాగేస్తుంది. మూలగకుండా పనిచేసే ఉద్యోగిని మనం ఏ ఆఫీసులో చూశాం? విమానం ఒక పక్కకు లాగితే ట్రాన్స్‌మిటర్ మీద ఆ లాగుడు సరిచేసే ట్రిమ్ బటన్ ఉండనే ఉంది. మా దృష్టిలో స్లాట్ కోసినవాడి తప్పులు మాఫీ చేయడానికే దాన్ని పెట్టారు.

రేణిగుంట ఎయిర్‌పోర్టుకూ తిరుమల కొండకూ బాగా దూరంగా, ఎండిన చెరువులో ఆదివారం పొద్దున విమానం కూలిందనుకోండి. ఐదు నిమిషాల్లో విచారణ సంఘం దానంతటదే ఏర్పడుతుంది. గాలి వాలు అని ఒకరు, బ్యాటరీ నాసిరకమని ఇంకొకరు, సిగ్నల్ పోయిందని మూడోవారు. మేకలు తోలుకొచ్చిన పెద్దాయన దిష్టి తగిలిందంటాడు, దానికి అందరూ తలూపుతారు. వచ్చే వారం కొత్త విమానం ముక్కుకు నిమ్మకాయ, మిరపకాయలు. స్లాట్ గురించి ఎవరూ మాట్లాడరు. మాట్లాడితే, "కాణిపాకం వచ్చి ప్రమాణం చేయమన్నా చేస్తా, మధ్యలోనే కోశాను" అని యజమాని గుండె మీద చెయ్యేసుకుంటాడు. అంత మాట అన్నాక ఊడిన ఎలెరాన్ తెచ్చి స్కేలు ఆనించి చూడటం మనుషులు చేసే పనేనా?

స్కేలు వర్గం చేసింది సరిగ్గా అదే. చూసి, ఇది ఫ్లట్టర్ అన్నారు. హింజ్ వదులుగా ఉన్నా, రెక్కకూ ఎలెరాన్‌కూ మధ్య సందు ఎక్కువైనా, వేగం పెరిగేకొద్దీ ఎలెరాన్ గాలికి కొట్టుకోవడం మొదలవుతుందట. గాలి ఆ ఊపుకు ఇంకా ఊపు ఇస్తుందట. చూస్తుండగానే రెక్కో ఎలెరానో ఊడిపోతుందట. 1997లో అమెరికాలో ఒక ఎయిర్ షోలో ఎఫ్-117 యుద్ధ విమానం ఇలాగే విరిగిపడిందనీ, ఎలెవాన్ అనే దాని రెక్క పట్టీ బిగింపులో నాలుగు ఫాస్టెనర్లు లేకపోవడమే కారణమనీ ఉదాహరణ కూడా చూపించారు. అమెరికావాళ్లకు దిష్టి తీయడం రాదన్న సంగతి మాత్రం చెప్పలేదు.

ఇక జిగురు. ఊళ్లో అందరూ ఫెవిక్విక్ అనే రకం సీఏ గ్లూలో నీళ్లలా పలచగా ఉండేదే వాడాలట. హింజ్ మధ్యలో గుండుసూది గుచ్చి, రెండువైపులా సగం సగం దూరేలా చూసి, ఒక్కో వైపు కొన్ని చుక్కలు వేస్తే, పోగుల వెంబడి అది తనంతట తానే లోపలికి పాకుతుందట. అది లోతుకు చేరడానికి స్లాట్ మధ్యలో ముందే సన్నటి రంధ్రం వేసే చాదస్తులు కూడా ఉన్నారు. మేము చిక్కటి జిగురు స్లాట్ నోటి నిండా నింపుతాం. లోపలికి దిగకపోయినా, ఖర్చు పెట్టినట్టు పైకి కనపడుతుంది.

అన్నిటికంటే బాధపెట్టే డిమాండు చివరిది. జిగురు ఆరాక, ఎగరేసే ముందు, ఎలెరాన్‌ను పట్టుకుని గట్టిగా లాగి చూడాలట. సొంత చేతులతో కట్టిన విమానాన్ని అలా అనుమానించడానికి మా వర్గం ఎన్నటికీ ఒప్పుకోదు. పైగా లాగితే ఊడొచ్చేస్తుంది.